రోగి పడక – రసాయనశాల : యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

విజయవాడ నగరంలో గవర్నర్‌పేట, దానికి చేరువలోని సూర్యారావుపేట వైద్యశాలలకు పేరుపడిన ప్రాంతాలు. కృష్ణా డెల్టా పల్లెల నుండి రోగులను వెంటబెట్టుకొని వచ్చే బంధువులతో ఆ వీధులు ఉదయం నుండి రాత్రి దాకా కిటకిటలాడుతూ ఉంటాయి. అక్కడ ఆసుపత్రి బోర్డు పక్కనే రక్తపరీక్షా కేంద్రం బోర్డు కనిపిస్తుంది. రెండింటి నడుమ దూరం పది అడుగులే కావచ్చు. కాని మంచం దగ్గర రోగిని చూసుకొనే నర్సుకూ, గాజునాళికల మధ్య కూర్చుండే ప్రయోగశాల ఉద్యోగికీ ఒకరి పని మరొకరికి తెలియని సందర్భాలు చాలా ఉన్నాయి.

కొన్ని సంవత్సరాల క్రితం మా తల్లిగారిని ఒక ఆసుపత్రిలో చేర్పించవలసి వచ్చింది. రాత్రివేళ నర్సు వచ్చి, ఆమె వేలికొనపై సూదితో గుచ్చి, అరచేతిలో ఇమిడే యంత్రంతో రక్తంలోని చక్కెరను పరీక్షించారు. సంఖ్య చాలా ఎక్కువగా వచ్చింది. ఇన్సులిన్ మోతాదు పెంచడానికి సిద్ధమయ్యారు. ఎందుకో అనుమానం వచ్చిన వైద్యుడు నరం నుండి రక్తం తీయించి ప్రయోగశాలకు పంపగా, అక్కడ వచ్చిన సంఖ్య అందులో సగం కూడా లేదు. కారణం తరువాత తెలిసింది. పరీక్షకు కొద్ది నిమిషాల ముందు మా అమ్మ పండు ఒలుచుకొని తిన్నది, చేయి కడుక్కోలేదు. వేలికి అంటిన పండురసంలోని చక్కెర రక్తపు చుక్కలో కలిసిపోయింది. ఆ నర్సును నిందించడం న్యాయం కాదు. ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. ప్రయోగశాలలోని వారికి తెలుసు. కాని వారు మంచం దాకా రారు.

ఈ రెండు చోట్లా నిలబడి పనిచేసిన తెలుగువాడు ఒకరున్నారు. పగలు రసాయనశాలలోనూ, రాత్రి ఆసుపత్రి వార్డులోనూ బతుకు గడిపిన ఆ మనిషి పేరు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన కనుగొన్న మందుల జాబితా మీకు తెలిసే ఉంటుంది. ఈ పాఠంలో మనం ఆయనను మరొక వైపు నుండి, అనగా రోగి మంచానికీ పరీక్షకూ నడుమ ఉన్న దారి వెంట చూద్దాం.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో ఆయన నాలుగవవారు. తండ్రి రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. ఇంటిలో పేదరికం. పదమూడవ ఏట సుబ్బారావు మరొక బాలునితో కలిసి కాశీకి బయలుదేరారు. పుణ్యం కొరకు కాదు. యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం సంపాదించాలని! తల్లి మధ్యలోనే పట్టి వెనుకకు తీసుకొని వచ్చింది. రాజమండ్రిలో చదివినంతకాలం చదువు సరిగా సాగలేదు. మెట్రిక్యులేషన్‌లో రెండుమార్లు తప్పారు. మూడవమారు మద్రాసులో హిందూ ఉన్నత పాఠశాల నుండి ఉత్తీర్ణులయ్యారు. పరీక్ష తప్పిన విద్యార్థి జీవితమే ముగిసినట్లు భావించే నేటి తల్లిదండ్రులు ఈ వివరాన్ని గమనింతురు గాక.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుతున్న రోజుల్లో ఆయనకు రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలనే కోరిక పుట్టింది. తల్లి అనుమతించలేదు. వైద్యుడైతే మఠం ద్వారానే ప్రజలకు సేవ చేయవచ్చునన్న తలంపుతో మద్రాసు వైద్యకళాశాలలో చేరారు. 1919లో శేషగిరితో వివాహమైంది. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువుకు అండగా నిలిచారు.

ఆ కాలంలోనే ఆ ఇంటిపై పిడుగు పడింది. స్ప్రూ అనే వ్యాధి కొద్దిరోజుల వ్యవధిలోనే ఆయన సోదరులను ఇద్దరిని కబళించింది. మన పెద్దలు గ్రహణి అని పిలిచే వ్యాధికి ఇది దగ్గరిది. తిన్న ఆహారం ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం పలుచనై మనిషి రోజురోజుకూ కృశిస్తాడు. వ్యాధి ఫలానా అని వైద్యులకు తెలుసు. కాని దానికి మూలమేమిటో చెప్పగల పరీక్ష లేదు, ఇవ్వదగిన మందు లేదు. ఆ తరువాత సుబ్బారావుకు కూడా ఆ వ్యాధే సోకింది. ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సతో ఆయన బతికి బయటపడ్డారు. వైద్యశాస్త్రం చదువుతున్నవానికి తన కళ్ల ఎదుటనే తోడబుట్టినవారు ఇలా పోవడం ఎంతటి క్షోభో ఊహించుకోవలసిందే. ఆయన దృష్టి రోగాలను నయం చేయడం నుండి రోగమూలాన్ని వెదకడం వైపు మళ్లడానికి బీజం ఇక్కడనే పడిందని నా అభిప్రాయం.

గాంధీజీ పిలుపును అనుసరించి ఆయన శస్త్రచికిత్స గదిలోనికి కూడా ఖద్దరు వస్త్రం ధరించి వెళ్లేవారు. శస్త్రచికిత్సాచార్యుడైన బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది నచ్చలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు అంతకంటె తక్కువ స్థాయి గల ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. మద్రాసు వైద్యశాఖలో ఉద్యోగం దొరకలేదు. లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధిస్తూ విదేశీ విద్యకు ప్రయత్నించారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ, మామగారు ధనసహాయం చేయగా ఆయన ఓడ ఎక్కి, 1923 అక్టోబరు 26న అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. భార్యను మరల ఎన్నడూ చూడలేకపోయారు.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల విద్యాలయంలో ఆయన చేరారు. చేతిలో డబ్బు త్వరలోనే అయిపోయింది. మన దేశపు వైద్యపట్టాకు అక్కడ వైద్యం చేసే అర్హత లేదు. కనుక పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట పనివానిగా కుదిరారు. రోగుల మలమూత్ర పాత్రలను తీసి కడిగి శుభ్రపరచడం ఆయన పని. పట్టా పుచ్చుకొన్న వైద్యుడు, భీమవరపు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవాడు, పరదేశంలో చేసిన కొలువు అది. ఈ ఘట్టాన్ని మనవారు సాధారణంగా కష్టాలకు ఉదాహరణగా చెప్పి ఊరుకొంటారు. నాకు మాత్రం ఇందులో వేరొక విశేషం కనిపిస్తుంది.

బోస్టన్ నగరం ఆ దశాబ్దంలో ఎలా ఉండేదో తెలిస్తే గాని ఆ విశేషం బోధపడదు. 1921లో ఇన్సులిన్‌ను కనుగొన్నారు. మరుసటి సంవత్సరం నుండి రోగులకు ఇవ్వడం మొదలైంది. ఇన్సులిన్ ఎంత ఇవ్వాలో తేల్చడానికి మూత్రంలో చక్కెర ఎంత పోతున్నదో పూటపూటకూ తెలియాలి. ఇందుకు బెనెడిక్ట్ ద్రావకం ఉండేది. నీలిరంగులో ఉన్న ఆ ద్రావకంలో కొన్ని చుక్కల మూత్రం వేసి వేడి చేస్తే, చక్కెర లేకుంటే నీలంగానే ఉంటుంది. ఉంటే దాని మోతాదును బట్టి ఆకుపచ్చ, పసుపు, చివరకు ఇటుక ఎరుపు రంగుకు తిరుగుతుంది. అదే నగరంలో మధుమేహ వైద్యుడైన ఎలియట్ జాస్లిన్ ఈ పనిని ప్రయోగశాలకే వదలిపెట్టలేదు. ఆయన నర్సులకు ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చి, వారి ద్వారా రోగులకు కూడా ఈ పరీక్షను నేర్పించారు. రసాయనశాలలోని విద్య మంచం పక్కకు నడిచి వచ్చిన తొలి సందర్భాలలో ఇది ఒకటి.

1926లో మైనాట్, మర్ఫీ అనే వైద్యులు ప్రాణాంతకమైన ఒక రక్తహీనతకు కాలేయాన్ని ఆహారంగా ఇచ్చి నయం చేయవచ్చునని చూపారు. ఈ మర్ఫీ పనిచేసినది సుబ్బారావు పాత్రలు కడిగిన బ్రిగమ్ ఆసుపత్రిలోనే. రోగి పెట్టినంత కాలేయం తిన్నాడా లేదా అన్నది వార్డులోని నర్సుకే తెలియాలి. కొత్తగా పుట్టే ఎర్ర రక్తకణాలు రోజురోజుకూ పెరుగుతున్నవా లేదా అన్నది సూక్ష్మదర్శిని చూసేవారికే తెలియాలి. ఈ రెండు లెక్కలూ ఒకే కాగితం మీద చేరినప్పుడే వైద్యం ఫలించినట్లు రుజువైంది. 1934లో ఈ పరిశోధనకు నోబెల్ పురస్కారం లభించింది.

ఉష్ణమండల వ్యాధులలో డిప్లొమా పొందిన పిమ్మట సుబ్బారావు హార్వర్డ్ జీవరసాయన శాఖలో ప్రవేశించారు. శాఖాధిపతి ఆటో ఫోలిన్. రక్తాన్ని కొద్దిపాటిగా తీసి అందులోని చక్కెర, యూరియా వంటి పదార్థాలను కొలిచే పద్ధతులను ప్రపంచానికి అందించిన మహనీయుడు ఆయన. అక్కడ సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని వద్ద సుబ్బారావుకు పని దొరికింది. రక్తంలోనూ మూత్రంలోనూ ఉండే భాస్వరాన్ని సరిగా కొలిచే మార్గం కనిపెట్టాలి. మూత్రపిండాలు చెడినప్పుడు, పసిపిల్లలకు ఎముకలు వంగే రికెట్స్ వచ్చినప్పుడు భాస్వరం పాళ్లు మారతాయి. అప్పటికి ఉన్న పద్ధతులు నమ్మదగినవి కావు.

1925లో వారిద్దరూ ప్రకటించిన పద్ధతి ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగా ప్రసిద్ధి చెందింది. దాని పోకడ ఇది. రక్తం నుండి మాంసకృత్తులను తొలగించి, మిగిలిన తేటకు ఆమ్లమూ మాలిబ్డేట్ అనే లవణమూ కలపాలి. భాస్వరం ఉన్నంత మేరకు అది మాలిబ్డేట్‌తో కలుస్తుంది. అప్పుడు మరొక ద్రావకం వేస్తే నీలిరంగు పుడుతుంది. భాస్వరం ఎంత ఎక్కువో నీలం అంత చిక్కన. తెలిసిన పాళ్లలో చేసిన నమూనాతో ఆ నీలాన్ని పోల్చి చూసి లెక్క కట్టాలి. చెప్పడానికి ఇంతే. కాని ఈ పద్ధతి దశాబ్దాల పాటు ప్రపంచంలోని అనేక ప్రయోగశాలలలో వాడుకలో ఉన్నది. వైద్యవిద్యార్థులు ఒక తెలుగువాని ఇంటిపేరు తెలియకుండానే ఆయన పేరును నిత్యం ఉచ్చరించారు.

ఈ పరీక్షలో ఒక చిక్కు ఉన్నది. భాస్వరం రక్తపు తేటలో కంటె ఎర్రకణాల లోపల చాలా ఎక్కువ. రక్తం తీసేటప్పుడు సూదిని ఇష్టం వచ్చినట్లు కదిపినా, సిరంజిలోని రక్తాన్ని సీసాలోనికి బలంగా చిమ్మినా, సీసాను గట్టిగా కుదిపినా ఆ కణాలు చిట్లుతాయి. లోపలి భాస్వరం తేటలోనికి వస్తుంది. రక్తాన్ని వేరుచేయకుండా గంటల తరబడి ఉంచినా అంతే. అప్పుడు ప్రయోగశాలలో ఎంతటి నిపుణుడు ఎంత జాగ్రత్తగా కొలిచినా వచ్చే సంఖ్య అసత్యమే. చక్కెర విషయంలో దీనికి విరుద్ధంగా జరుగుతుంది. వేరుచేయని రక్తంలో కణాలు చక్కెరను తినివేస్తూ ఉండడం వలన సంఖ్య గంటగంటకూ తగ్గుతుంది. ఇక ఇరువదినాలుగు గంటల మూత్రం పట్టి పరీక్షించవలసి వచ్చినప్పుడు రాత్రి ఒక్కమారు పాత్ర ఒలికినా లెక్క అంతా తారుమారు. ఆ పాత్రలను రాత్రివేళ స్వయంగా మోసినవాడు సుబ్బారావు. వార్డులో దొర్లే చిన్న పొరపాటు మరునాడు రసాయనశాలలో ఏ రూపంలో తేలుతుందో ఆయనకు చెప్పనవసరం లేదు.

ప్రాచీన గ్రంథపరిష్కారంలో కొంతకాలం గడిపినవాణ్ణి కనుక నాకు ఒక పోలిక తోస్తున్నది. తాళపత్రం మీద లేఖకుడు ఒక అక్షరం తప్పు వ్రాస్తే, వ్యాఖ్యాత ఎంత పండితుడైనా ఆ తప్పుకే అర్థం చెప్పుకొంటూ పోతాడు. నమూనా తీసే చేయి లేఖకునిది. పరీక్షించే కన్ను వ్యాఖ్యాతది.

కొలతలోని ఓపికయే సుబ్బారావుకు పెద్ద ఆవిష్కరణను తెచ్చిపెట్టింది. కండరం నుండి తీసిన రసాన్ని తమ పద్ధతిలో పరీక్షించినప్పుడు నీలిరంగు వెంటనే పూర్తిగా రాక, సమయం గడిచేకొద్దీ చిక్కబడుతూ పోయింది. మరొకరైతే పొరపాటుగా భావించి పారబోసేవారు. ఫిస్కే, సుబ్బారావు ఆ ఆలస్యానికి కారణం వెదికారు. ఆమ్లంలో నిలువలేక మెల్లగా విడిపోయే భాస్వర పదార్థం ఒకటి కండరంలో ఉన్నదని 1927లో చాటారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1929లో ఏ.టి.పి. అనే మరొక పదార్థాన్ని వెలికితీశారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడా దానిని విడిగా కనుగొన్నారు. జీవకణాలకు శక్తిని అందించే నాణెం అది. మీ జీవశాస్త్ర పుస్తకంలో ఆ మూడక్షరాలు ఎన్నిమార్లు వస్తాయో లెక్కించి చూడండి.

1930లో హార్వర్డ్ ఆయనకు పిహెచ్.డి. పట్టా ఇచ్చింది గాని శాశ్వతమైన ఆచార్యపదవి ఇవ్వలేదు. 1940లో లెడర్లీ ఔషధ సంస్థలో చేరి, తరువాత అక్కడి పరిశోధనలకు అధిపతి అయ్యారు.

ఆయన మనసులో తోడబుట్టినవారిని తీసుకొనిపోయిన స్ప్రూ ఎప్పుడూ మెదలుతూనే ఉండి ఉండాలి. 1931లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణులైన పేద శ్రామిక స్త్రీలకు వచ్చే రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతున్నదని ప్రకటించారు. ఆ సారంలోని అసలు గుణం గల పదార్థం ఏమిటో తెలియలేదు. సుబ్బారావు బృందం అదే అయిన ఫోలిక్ ఆమ్లాన్ని 1945 నాటికి కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది సంజీవని అయింది. సోదరులు మరణించిన పాతికేళ్లకు మందు దొరికింది. ఆ ఆమ్లానికి విరోధిగా వారు చేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సరు సోకిన పిల్లలకు ఇచ్చారు. పదహారుగురిలో పదిమందికి కొంతకాలం పాటు వ్యాధి తగ్గుముఖం పట్టినట్లు 1948లో ప్రకటించారు. బెంజమిన్ డగ్గర్ అదే సంస్థలో కనుగొన్న ఆరియోమైసిన్ కూడా ఆ సంవత్సరమే వెలుగు చూసింది.

డెల్టావాసులమైన మనకు వీటన్నింటికంటె దగ్గరి సంగతి మరొకటి ఉన్నది. అది బోదకాలు. కాలువలు, మురుగుగుంటలు, దోమలు గల ఈ నేలలో బోదకాలు తరతరాలుగా ఉన్నది. కాలు ఏనుగు కాలువలె వాచిన తాతలను, అవ్వలను మా తరంవారు ప్రతి ఊరిలోనూ చూశారు. ఆ వ్యాధిని కలిగించే సూక్ష్మమైన పురుగు పిల్లలు రక్తంలో తిరుగుతాయి. చిత్రమేమిటంటే పగలు అవి శరీరం లోపలి నాళాలలో దాగి ఉంటాయి. రాత్రి ప్రొద్దుపోయిన తరువాతనే చర్మానికి దగ్గరి రక్తంలోనికి వస్తాయి. అందుచేత ఈ పరీక్షకు రక్తాన్ని రాత్రివేళ తీయాలి. వైద్యసిబ్బంది దీపం పట్టుకొని ఇల్లిల్లూ తిరిగి, నిద్రలో ఉన్నవారిని లేపి, మంచం మీదనే వేలికొన గుచ్చి, గాజుపలక మీద రక్తాన్ని పూసి, ఆరబెట్టి, పేరు వ్రాసి, మరునాడు ప్రయోగశాలకు చేర్చేవారు. పలక మీద రక్తం తక్కువైనా, వేళకు ముందే తీసినా, రెండు పలకల పేర్లు తారుమారైనా సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నవాడు చేయగలిగింది ఏమీ లేదు.

1947లో సుబ్బారావు బృందం ఈ వ్యాధికి హెట్రజాన్ అనే మందును వెలువరించింది. దాని రసాయన నామం డైఇథైల్ కార్బమజీన్. మొదట ప్రయోగశాలలో ఎలుకలపై, ఆ సంవత్సరమే పోర్టోరికో ద్వీపంలోని రోగులపై పరీక్షించి చూడగా రక్తంలోని పురుగు పిల్లలు బాగా తగ్గిపోయాయి. ఈ మందుతో మరొక ఉపయోగం కూడా బయటపడింది. పగటిపూట ఒక మాత్ర మింగిస్తే దాగిన పురుగు పిల్లలు కదలి గంట లోపల వేలికొన రక్తంలోనికి వస్తాయి. రాత్రివేళ ఊరిని లేపవలసిన పని తప్పింది. వ్యాధిని తగ్గించే మందే వ్యాధిని పట్టించే సాధనం కూడా అయిందన్నమాట. మాత్ర ఇచ్చిన వేళను మంచం దగ్గరి మనిషి సరిగా వ్రాయాలి. ఆ వేళను అనుసరించి పరీక్షకుడు రక్తం తీయాలి.

మరుసటి సంవత్సరం, 1948 ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. వయస్సు యాభైమూడు సంవత్సరాలు. పాతికేళ్లు అమెరికాలో ఉన్నా ఆ దేశపు పౌరసత్వం పుచ్చుకోలేదు. స్వతంత్ర భారతదేశాన్ని చూడనూ లేదు. 1995లో ఆయన శతజయంతి సందర్భంగా మన తపాలాశాఖ ఆయన చిత్రంతో బిళ్లను విడుదల చేసింది.

ఆయన మందు మాత్రం మన ఊళ్లకు వచ్చింది. 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 2004 నుండి దేశంలోని వ్యాధిపీడిత జిల్లాలలో ప్రజలందరికీ ఏడాదికొకమారు ఈ మాత్రలను ఇంటింటికీ పంచడం ఆరంభించారు. రక్తపరీక్ష తీరు కూడా మారింది. చీటీ వంటి పట్టీ మీద వేలికొన రక్తం పడితే చాలు, పగలైనా రాత్రియైనా కొద్ది నిమిషాలలో గీత కనిపిస్తుంది. చక్కెరకు, గుండెపోటుకు, గర్భనిర్ధారణకు కూడా ఇటువంటి పట్టీలు, చిన్న యంత్రాలు వచ్చిన తరువాత ప్రయోగశాల నాలుగు గోడలు దాటి పడక పక్కకు వచ్చినట్లయింది. నర్సు చేతిలోనే ఇప్పుడు పరీక్ష ఉన్నది. అందువలన ఈ పరీక్షలపై ప్రయోగశాల పర్యవేక్షణ ఉండాలనీ, వాటిని చేసేవారికి శిక్షణ ఇచ్చి వారి నైపుణ్యాన్ని మళ్లీ మళ్లీ పరీక్షించాలనీ అంతర్జాతీయ ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి. 2006లో ఇందుకు ప్రత్యేకంగా ఏర్పరచిన ప్రమాణాన్ని 2022లో వైద్య ప్రయోగశాలల సాధారణ ప్రమాణంలో కలిపివేశారు. దీనిని పాటించదలచిన ఆసుపత్రిలో నర్సులనూ ప్రయోగశాల సిబ్బందినీ ఒకే గదిలో కూర్చుండబెట్టడం కంటె సులువైన మార్గం లేదు. పట్టీల డబ్బా మూత తెరచి ఉంచితే తేమకు చెడిపోతాయని, తెలిసిన పాళ్లు గల ద్రావకంతో యంత్రాన్ని ముందుగా సరిచూసుకోవాలని ప్రయోగశాల ఉద్యోగి చెబుతాడు. సెలైన్ ఎక్కుతున్న చేతి నుండి ఎందుకు తీయకూడదో అక్కడే తేలుతుంది. రోగి చలికి వేళ్లు కొంకర్లు పోయి చుక్క రక్తం రానప్పుడు పడే అవస్థను నర్సు చెబుతుంది. అది అతడు ఎన్నడూ చూడనిది.

బోదకాలు పట్టీ సంగతే తీసుకోండి. దానిపై రక్తం వేసిన తరువాత సరిగా పది నిమిషాలకు గీతను చదవాలి. ముందు చూస్తే రావలసిన గీత రాదు. ఆలస్యమైతే వ్యాధి లేనివానికి కూడా గీత కనిపించవచ్చు. అందుచేత డెల్టా గ్రామాలలో పరీక్షలకు వెళ్లేవారు పట్టీ పక్కన రక్తం వేసిన వేళను వ్రాసుకొని, గడియారం చూస్తూ అరుగు మీద కూర్చుంటారు.